ఒవాహీ నీళ్ల అడుగున పారుతున్నది ఎవరి డబ్బు? అమెరికా బ్యాంకుల్లో పనిచేస్తున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికాలోను, హైదరాబాదులోను బ్యాంకుల్లో, పెన్షన్ నిధుల్లో, పెట్టుబడి సంస్థల్లో పనిచేస్తున్న తెలుగువారికి, అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు,

విషయం: డకోటా యాక్సెస్ చమురు పైప్‌లైన్‌కు బ్యాంకులిచ్చిన అప్పు, స్టాండింగ్ రాక్ ఆదివాసులు ఇవ్వని సమ్మతి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కోనసీమలో పుట్టినవాణ్ణి. మొదట హైదరాబాదులో, తరువాత డల్లాస్‌లో కలిపి ఆరేళ్లు ఒక పెద్ద బ్యాంకు రుణాల విభాగానికి సాఫ్ట్‌వేర్ రాశాను. చమురు పైప్‌లైన్లకు అప్పులిచ్చేటప్పుడు ఆ దారిలో ఉన్న ఆదివాసుల సమ్మతిని ఎలా చూస్తారో చెప్పమని, నా జీతం జమ అయ్యే బ్యాంకుకు ఖాతాదారుగా రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి రెండు వాక్యాల మర్యాద జవాబు వచ్చింది. అందులో నేనడిగిన ప్రశ్న ప్రస్తావనే లేదు. రెండోదానికి అదీ లేదు. మా దగ్గరి తెలుగు సంఘానికి కూడా రాస్తే, ఇది రాజకీయమని, మనకెందుకని కార్యవర్గంలో ఒకరు ఫోను చేసి నెమ్మదిగానే చెప్పారు. ఇది రాజకీయం ఎంతో, మన ఇంటి లెక్క ఎంతో మీరే తేల్చాలని ఈ లేఖ అందరి ముందు పెడుతున్నాను.

బ్యాంకుల అధిపతులకు రాయకుండా మీకెందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. వాళ్లకు రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ అప్పుల లెక్కలు కట్టేవారిలో, వాటి నష్టభయాన్ని అంచనా వేసేవారిలో, ఆ లెక్కలు నడిచే యంత్రాలను రాత్రి షిఫ్టుల్లో కాచేవారిలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. వారిని ఉద్దేశించి తెలుగులో రాసినవారు నాకు కనిపించలేదు.

జరిగినదేమిటంటే, నార్త్ డకోటాలోని బాకెన్ చమురు క్షేత్రాల నుంచి సౌత్ డకోటా, అయోవాల మీదుగా ఇల్లినాయ్‌లోని పటోకా దాకా 1,172 మైళ్ల పొడవున, 30 అంగుళాల వ్యాసంతో ఒక గొట్టం వేశారు. ఖర్చు సుమారు 380 కోట్ల డాలర్లు. వేయించిన ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ సంస్థ ప్రధాన కార్యాలయం మనవాళ్లు ఇంతమంది ఇళ్లు కట్టుకున్న ఈ డల్లాస్‌లోనే ఉంది. మిస్సోరీ నది మీద కట్టిన ఒవాహీ జలాశయం అడుగున, స్టాండింగ్ రాక్ రిజర్వేషన్ (ఆదివాసులకు మిగిల్చిన భూభాగం) సరిహద్దుకు అర మైలు ఎగువన, ఆ గొట్టం నదిని దాటుతుంది. మనం చిన్నప్పుడు పాఠాల్లో 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్నవారు తమను తాము లకోటాలనీ, డకోటాలనీ పిలుచుకుంటారు. ఆ రిజర్వేషన్‌లో ఎనిమిది వేలకు పైగా మనుషులున్నారు. వారు తాగే నీళ్లు ఆ జలాశయానివే.

దీనివల్ల మామూలు మనుషులకు జరిగినదాన్ని, జరగగలిగినదాన్ని వరుసగా చెబుతాను.

1. దారి మార్చే వీలుంది, ఒకసారి మార్చారు కూడా. మొదట పరిశీలించిన ఒక దారి బిస్మార్క్ నగరానికి సుమారు పది మైళ్ల ఎగువన నదిని దాటేది. దాన్ని వదిలేయడానికి చూపిన కారణాల్లో పొడవు ఉంది, ఖర్చు ఉంది, నగరపు తాగునీటి బావులకు దగ్గరగా ఉందన్నదీ ఉంది. బిస్మార్క్‌లో పదిమందిలో తొమ్మిదిమంది తెల్లవారు. ఒక ఊరి నీళ్లకు దగ్గరని వద్దనుకున్న గొట్టాన్ని తెచ్చి ఇంకో ఊరి నీళ్ల కింద పెట్టినప్పుడు, ఆ రెండో ఊరివారు మావి నీళ్లు కావా అని అడిగారు. ఈ గొడవంతటికీ మూలం ఆ ప్రశ్నే. నీళ్లు లేకపోవడమంటే ఏమిటో వారికి తెలుసు. 2003 నవంబరులో జలాశయం మట్టం పడిపోయి, నీళ్లు తోడే గొట్టంలోకి ఒండ్రు చేరి, రిజర్వేషన్‌లోని ఫోర్ట్ యేట్స్‌లోను, చుట్టుపక్కల ఊళ్లలోను రోజుల తరబడి కుళాయిలు ఆగిపోయాయి.

2. ఆ జలాశయం కూడా వారి భూమి ముంచి కట్టినదే. 1944 నాటి పిక్-స్లోన్ పథకం కింద అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం ఒవాహీ ఆనకట్ట కట్టినప్పుడు స్టాండింగ్ రాక్ వారికి దాదాపు 56,000 ఎకరాలు పోయాయి. పోయినది మెట్ట కాదు, నది ఒడ్డున ఉన్న ఒండ్రు నేల. కాటన్‌వుడ్ చెట్ల నీడలో వంటచెరకు, పశువుల మేత, మందు మొక్కలు దొరికే చోటు, చలిగాలికి అడ్డు దొరికే చోటు. పోలవరం ముంపు గూడేల నుంచి కొండరెడ్డి, కోయ కుటుంబాలు సామాన్లు ట్రాక్టర్లకెత్తుకుని బయల్దేరడం చూసిన తెలుగువారికి ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. అంతకు ముందటి కథ ఇంకా పాతది. 1851లోను, 1868లోను ఫోర్ట్ లారమీ దగ్గర రాసుకున్న ఒప్పందాలు వారికి ఎంతో పెద్ద భూభాగాన్ని గుర్తించాయి. 1877లో బ్లాక్ హిల్స్ కొండలను లాగేసుకున్నారు. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టే తేల్చి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది. వారు ముట్టుకోలేదు. ఆ సొమ్ము వడ్డీతో కలిసి వంద కోట్ల డాలర్లు దాటి ఖజానాలో పడి ఉంది. ఎకరానికింతని లెక్కగట్టి అంతా తీరిపోయిందనుకునే మన అలవాటుకు ఇది అర్థం కాకపోవచ్చు, కాని ఇప్పటి పైప్‌లైన్ గొడవకు వెనక ఉన్నది ఈ మనసే.

3. గొట్టాలు కారతాయి. కారినట్టు మొదట తెలుసుకునేది చాలాసార్లు యంత్రం కాదు, పక్కన బతుకుతున్న మనిషి. 2010 జూలైలో మిషిగన్‌లో ఎన్‌బ్రిడ్జ్ సంస్థకు చెందిన, సరిగ్గా ఇదే 30 అంగుళాల గొట్టం పగిలి కలమజూ నదిలోకి ఎనిమిది లక్షల గ్యాలన్లకు పైగా చమురు పోయింది. ఎక్కడో కెనడాలోని కంట్రోల్ రూములో అలారాలు మోగుతూనే ఉన్నాయి. అక్కడివారు గొట్టంలో ఏదో ఖాళీ ఏర్పడిందనుకుని రెండుసార్లు మళ్లీ పంపులు వేశారు. పదిహేడు గంటల తరువాత, వేరే సంస్థ ఉద్యోగి ఒకరు ఫోను చేసి చెబితే గాని ఆపలేదు. 2016 డిసెంబరులో, స్టాండింగ్ రాక్ దగ్గరి నిరసన శిబిరానికి 150 మైళ్ల దూరంలో ఇంకో గొట్టం కారి వాగులోకి చమురు చేరినప్పుడు పసిగట్టింది కూడా ఆ భూమి యజమానే. డకోటా యాక్సెస్ విషయానికొస్తే, ప్రవాహంలో ఒక శాతం కన్నా తక్కువ కారితే దాని లీకు పరికరాలు పట్టుకోలేవన్న అంశాన్ని 2020 మార్చి తీర్పులో ఫెడరల్ న్యాయమూర్తే ఎత్తిచూపారు. రోజుకు 5.7 లక్షల బ్యారెళ్ల ప్రవాహంలో ఒక శాతమంటే 5,700 బ్యారెళ్లు, అంటే దాదాపు 2.4 లక్షల గ్యాలన్లు. ఆ తరువాత గొట్టం సామర్థ్యాన్ని 7.5 లక్షల బ్యారెళ్లకు పెంచారు. గొట్టం జలాశయం అడుగుకు సుమారు 90 అడుగుల లోతున ఉందని ధైర్యం చెబుతారు. అంత లోతున సన్నగా కారితే ముందు చూసేదెవరో ఆలోచించండి.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. మా తాతగారి కొబ్బరితోట గట్టు పక్కన భూమిలో గ్యాసు గొట్టం ఉందని తెలిపే రాయి ఉండేది. మేం పిల్లలం దాని మీద కూర్చుని ఈతకాయలు తినేవాళ్లం. 2014 జూన్ 27న తెల్లవారుజామున మా కోనసీమలోని నగరం అనే గ్రామంలో గొట్టం నుంచి గ్యాసు ఊరంతా కమ్మి, టీ దుకాణం పొయ్యి వెలిగించడంతో అంటుకుందని పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. నిలబడినచోటే మాడిపోయిన కొబ్బరిచెట్ల ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. గ్యాసు వాసన వస్తోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నారు. కలమజూ గురించి చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే.

4. అడ్డుచెప్పినవారికి జరిగినది. 2016 ఏప్రిల్ 1న కానన్‌బాల్ దగ్గర, లడోనా బ్రేవ్ బుల్ అలార్డ్ అనే ఆదివాసి మహిళ తన భూమిలో మొదటి శిబిరానికి చోటిచ్చారు. ఆ రిజర్వేషన్ కుర్రవాళ్లు తమ విన్నపం చేతబట్టుకుని ఒమాహా దాకా పరుగెత్తారు, ఆ వేసవిలోనే మరో రెండు వేల మైళ్లు వాషింగ్టన్ దాకా పరుగెత్తారు. మ్నీ విచోనీ, నీరే ప్రాణం, అన్నది వారి నినాదం. సెప్టెంబరు 2న తెగ తరఫువారు తమ పూర్వీకుల సమాధులు ఎక్కడెక్కడున్నాయో కోర్టుకు వివరంగా దాఖలు చేస్తే, మర్నాడే, సెలవుల వారాంతంలో, బుల్‌డోజర్లు ఆ చోటికే వచ్చాయి. అడ్డం వెళ్లినవారి మీదికి ప్రైవేటు కాపలాదారులు కుక్కలను వదిలారు. నవంబరు 20 రాత్రి, గడ్డకట్టే చలిలో, వంతెన మీద నిలబడినవారి మీద పోలీసులు గొట్టాలతో నీళ్లు కొట్టారు. వందలమంది గాయపడ్డారు. మొత్తం మీద ఎనిమిది వందలకు పైగా కేసులు పెట్టారు. డిసెంబరు 4న సైన్యం జలాశయం కింద నుంచి గొట్టం తీసుకువెళ్లే హక్కు ఇవ్వబోమని చెప్పింది. నెలన్నరకు కొత్త అధ్యక్షుడు ట్రంప్ ఆ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించి అనుమతిని వేగిరపరచమని ఆదేశించారు, ఫిబ్రవరిలో హక్కు ఇచ్చేశారు, 2017 జూన్ 1 నుంచి గొట్టంలో చమురు అమ్మకానికి పారుతోంది.

5. కోర్టులో గెలిచినా నీళ్లు గెలవలేదు. పర్యావరణ ప్రభావాన్ని పూర్తిగా పరిశీలించకుండా హక్కు ఇవ్వడం చట్టవిరుద్ధమని 2020లో కింది కోర్టు, 2021 జనవరిలో అప్పీలు కోర్టు చెప్పాయి. ఇచ్చిన హక్కును రద్దు చేశాయి. 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. అంటే చట్టం ప్రకారం హక్కు లేకుండానే చమురు ఆ నీళ్ల కింద ఏళ్ల తరబడి పారింది. మన ఊళ్లో ఎవరైనా అనుమతి రద్దయిన బోరు నడిపితే మర్నాడు కరెంటు తీగ కోస్తారు. ఇక్కడ ఆ ఊసు లేదు సరికదా, 2025 మార్చిలో ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ వేసిన దావాలో నార్త్ డకోటాలో ఒక జ్యూరీ గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ మీద 66 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం విధించింది. తరువాత న్యాయమూర్తి దాన్ని దాదాపు సగానికి తగ్గించారు. ఉద్యమాన్ని బయటివారు ఎగదోశారన్నది కంపెనీ దావాలో ప్రధానమైన వాదన. తమ పోరాటాన్ని తామే నడిపామని స్టాండింగ్ రాక్ పెద్దలు మొదటి నుంచీ చెబుతున్నా, ఆదివాసి తనంతట తాను ఆలోచించగలడని కొందరికి నమ్మబుద్ధి కాదు. ఇది మన దేశంలోనూ ఉన్న జబ్బే.

6. ఇప్పుడు అసలు విషయం, డబ్బు. ఈ గొట్టం కోసం 17 బ్యాంకులు కలిసి 250 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేశాయి. సిటీబ్యాంక్, టీడీ, మిజుహో, టోక్యో-మిత్సుబిషి ముందుండి నడిపాయి. వెల్స్ ఫార్గో, బీఎన్‌పీ పారిబా, ఐఎన్‌జీ, డీఎన్‌బీ వంటివి తలా ఒక వాటా పట్టాయి. వీటిలో చాలా బ్యాంకులు ఈక్వేటర్ సూత్రాలు అనే ఒడంబడిక మీద సంతకం చేసినవే. 2003లో మొదలైన ఆ ఒడంబడిక ప్రకారం, ఆదివాసుల భూమి మీద ప్రభావం ఉండే పనికి అప్పివ్వాలంటే వారు ముందుగా, ఒత్తిడి లేకుండా, పూర్తి సమాచారంతో ఇచ్చిన సమ్మతి ఉండాలి. అయితే అందులో ఒక వెసులుబాటు ఉండేది. అమెరికా వంటి సంపన్న దేశాల్లో చట్టాలు గట్టిగా ఉంటాయి గనుక అక్కడ స్థానిక చట్టం పాటిస్తే చాలు, సమ్మతిని విడిగా అడగక్కర్లేదు. ఒడిశాలోనో, పెరూలోనో అడగాల్సిన ప్రశ్నను నార్త్ డకోటాలో అడగనక్కర్లేకుండా పోయింది ఈ ఒక్క షరతు వల్లే. ఆ గట్టి చట్టం ఏమైందో పైన అయిదో అంశంలో చూశారు.

ఆ వెసులుబాటు లోపలి నుంచి ఎలా కనిపిస్తుందో నేను చూశాను. పలు బ్యాంకులు కలిసి ఇచ్చే అప్పుకు తెర మీద ఒక పట్టిక ఉంటుంది. వరుసకొక బ్యాంకు, దాని వాటా, దాని వడ్డీ. అప్పు తీసుకున్నవారు ఇంత సొమ్ము కావాలని నోటీసు పంపగానే, ఏ బ్యాంకు ఎంత పంపాలో యంత్రం పైసా తేడా లేకుండా విడదీస్తుంది. ఒక రాత్రి రెండు గంటలకు వాటాల మొత్తం ఒక సెంటు తేడా వచ్చిందని మేం నలుగురం తెల్లారేదాకా కూర్చుని సరిచేశాం. నేను చెబుతున్నది ఈ పైప్‌లైన్ అప్పు కాదు, వేరేది. ఏ అప్పుకైనా పట్టిక అదే. అందులో సెంటుకు గడి ఉంది. ఆ భూమి మీద ఉన్నవారు ఒప్పుకున్నారా అన్నదానికి గడి లేదు. అది లేదని ఆ ఆరేళ్లలో నేనూ అడగలేదు.

ఆదివాసులు ఈ డబ్బు తీగను పట్టుకుని బ్యాంకుల గడపల్లోకే వెళ్లారు. నార్వేలో సామీ ఆదివాసుల పార్లమెంటు అడిగిన మీదట కేఎల్‌పీ అనే పెన్షన్ నిధి ఈ కంపెనీల వాటాలు అమ్మేసింది. 2017 వసంతంలో ఐఎన్‌జీ, డీఎన్‌బీ, బీఎన్‌పీ పారిబా వరుసగా అప్పులో తమ వాటాలను వదిలించుకున్నాయి. సియాటిల్ నగర పాలక మండలి 2017 ఫిబ్రవరి 7న, తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో, ఏడాదికి 300 కోట్ల డాలర్లు తిరిగే తన ఖాతాలను వెల్స్ ఫార్గో నుంచి తప్పించాలని తీర్మానించింది. ఏడాదికి పైగా గడిచాక, 2018లో, వేరే ఏ బ్యాంకూ ఆ పనికి ముందుకు రాకపోవడంతో, నగరం మళ్లీ ఆ బ్యాంకుతోనే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఇది దాచడం నాకిష్టం లేదు. బయటి నుంచి తలుపు తట్టడం ఎంతవరకు పనిచేస్తుందో అది చెబుతుంది. అలాగని నష్టం లేకపోలేదు. ఆలస్యాలతో కలిపి ఈ గొట్టం సొంతదారులకు మొత్తం కనీసం 750 కోట్ల డాలర్ల ఖర్చయిందని, అది కాక మూతపడిన ఖాతాల రూపంలో బ్యాంకులు ఇంకో 440 కోట్లు కోల్పోయాయని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. ముందే అడిగి ఉంటే దారి మార్చడానికి ఇందులో ఎన్నో వంతు సరిపోయేదో లెక్కలు తెలిసిన మీకే వదిలేస్తాను.

ఆ తరువాతిది మీకు ఇంకా దగ్గరి సంగతి. 2019లో సుమారు 250 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి ఆ బ్యాంకు అప్పు తీర్చేశారు. బ్యాంకులు తప్పుకున్నాయి, గొట్టం మీది అప్పు బాండ్లు కొన్నవారి చేతికి వెళ్లింది. ఇలాంటి బాండ్లు కొనేది మామూలుగా బీమా సంస్థలు, పెన్షన్ నిధులు, బాండ్ల ఫండ్లు. మన 401కె ఖాతాలో (అమెరికాలో ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు) 'స్థిరాదాయం' అని ఒక్క మాటగా కనిపించే గీత కింద ఏమేమి ఉన్నాయో మనలో ఎంతమంది చూశాం? ఈక్వేటర్ సూత్రాల వెసులుబాటును, ఈ గొడవ తరువాతే, 2020 నుంచి కొంత బిగించారు. 2024 మార్చిలో జేపీ మోర్గాన్, సిటీ, బ్యాంక్ ఆఫ్ అమెరికా, వెల్స్ ఫార్గో నాలుగూ ఆ సూత్రాల నుంచే బయటికి వచ్చేశాయి. తమ సొంత విధానాలు తమకున్నాయని చెప్పాయి. వీటిలో జేపీ మోర్గాన్, బ్యాంక్ ఆఫ్ అమెరికా, వెల్స్ ఫార్గోలకు హైదరాబాదులో ఉద్యోగులున్నారు.

మీలో కొందరు అనబోయే మాటలు నాకు తెలుసు. చమురు లేకుండా నువ్వు ఆఫీసుకెలా వెళతావని అడుగుతారు. కారులోనే వెళతాను. గొట్టం కాకపోతే రైలు, రైలు ఇంకా ప్రమాదమంటారు. నిజమే, 2013లో లాక్-మెగాంటిక్ పట్టణంలో 47 మందిని పొట్టనబెట్టుకున్న రైలులో ఉన్నది ఈ బాకెన్ చమురే. ఆదివాసులందరిదీ ఒకే మాట కాదనీ అంటారు. అదీ నిజమే, పక్కనే ఫోర్ట్ బర్తోల్డ్ రిజర్వేషన్‌లోని మూడు తెగల వారికి తమ భూమిలోనే చమురుంది, ఈ గొట్టం ద్వారానే పంపుతారు, దాన్ని మూసేయవద్దని వారి నాయకత్వం గట్టిగానే చెప్పింది. నేను వారిని తప్పుపట్టను. వారి భూమిలోని చమురు గురించి వారు నిర్ణయించుకున్నారు. స్టాండింగ్ రాక్‌కు తన నీళ్ల గురించి ఆ అవకాశం ఇవ్వలేదు. నేను అడుగుతున్న తేడా అంతే.

ఇది మనకు కొత్త కూడా కాదు. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది మన విశాఖ మన్యం తాలూకు సమత కేసులోనే. ఉత్తరాంధ్ర సరిహద్దుకు అవతల నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకానికి వద్దన్నాయి, గని ఆగింది. ఆ లోపు నార్వే ప్రభుత్వ నిధి, చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ ఆ గని వెనక ఉన్న వేదాంత కంపెనీ వాటాలను వదులుకున్నాయి. డోంగ్రియా కోందుల గ్రామసభకు ఉన్న మాట లకోటాల మండలికి ఎందుకు ఉండకూడదో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మిమ్మల్ని ఇవి అడుగుతున్నాను. హెచ్-1బి వీసా మీద ఉండి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇల్లు సర్దుకోవాల్సినవారిని ధర్నాకు రమ్మనడం లేదు. ఎవరికి వీలైనది వారు చేయండి.

1. అప్పు మంజూరు, నష్టభయం, నిబంధనల విభాగాల్లో ఉన్నవారు: గొట్టం, గని, ఆనకట్ట ఏదైనా ఆదివాసుల భూమి మీదుగానో, నీళ్ల మీదుగానో వెళ్లే ప్రతి అప్పు దస్త్రంలో వారి లిఖితపూర్వక సమ్మతి ఉందా అని రాతలో అడగండి. సంప్రదింపులు జరిగాయన్న జవాబును సమ్మతిగా రాసుకోకండి. ఆ రెండూ ఒకటి కావు. యంత్రాలు రాసేవారు ఆ పట్టికలో ఒక గడి పెట్టమని ప్రతిపాదించండి. అది ఖాళీగా ఉంటే సొమ్ము కదలకూడదు.

2. బ్యాంకు వాటాలున్న ఉద్యోగులు: ఏటా వాటాదారుల సమావేశానికి ముందు ఓటు వేయమని ఒక మెయిలు వస్తుంది. చదవకుండా తీసేస్తాం, నేనూ తీసేశాను. 2022లో సిటీ గ్రూపు సమావేశంలో, ఆదివాసుల హక్కులను బ్యాంకు ఎలా కాపాడుతోందో నివేదిక ఇమ్మని కేథలిక్ సన్యాసినులు పెట్టిన తీర్మానానికి మూడో వంతు దాకా ఓట్లు వచ్చాయి. ఈసారి అలాంటి తీర్మానం వస్తే ఓటు వేయండి.

3. 401కె ఉన్న ప్రతివారు: మీ ఫండ్లలో పైప్‌లైన్ కంపెనీల బాండ్లు, వాటాలు ఎన్నున్నాయో జాబితా ఇమ్మని, అవి లేని ఫండు ఒకటైనా ఎంచుకునే వీలు కల్పించమని సంస్థను అడగండి. పదిమంది సంతకాలతో అడిగితే పక్కనపెట్టడం కష్టం.

4. తెలుగు సంఘాల వారు: మహాసభలకు ఏ బ్యాంకు, ఏ ఇంధన సంస్థ ఎంత విరాళమిచ్చిందో సభ్యుల ముందు పెట్టండి. వచ్చే సభల్లో స్టాండింగ్ రాక్ నుంచి ఒకరిని పిలిచి గంటసేపు మాట్లాడనివ్వండి. సినిమా తారల కార్యక్రమానికి ముందు, అందరూ భోజనాలకు లేచాక కాదు. సభ మొదట్లో ఈ నేల ఫలానా తెగ వారిదని చదివే రెండు వాక్యాలను నేను దీనికి బదులుగా ఒప్పుకోను.

5. బ్యాంకుల యాజమాన్యాలకు మీ ద్వారా: వదిలేసిన ఈక్వేటర్ సూత్రాలకు తిరిగి రండి, లేదా సమ్మతి విషయంలో వాటికన్నా గట్టి నియమం ప్రకటించండి, అమెరికా, కెనడాలకు అందులో మినహాయింపు ఉండకూడదు. అప్పు అమ్మేసినా, బాండ్లుగా మార్చినా, మొదట ఇచ్చినవారిగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత మీదే.

నా రెండు ఉత్తరాల నకళ్లు, బ్యాంకు పంపిన ఆ రెండు వాక్యాల జవాబు అడిగినవారికి పంపుతాను. మూడో ఉత్తరం రాస్తున్నాను. దాని కింద మీ పేరు కూడా ఉండాలనుకుంటే ఈ నెలాఖరులోగా తెలియజేయండి.

ఇట్లు,
విధేయుడు,
డల్లాస్‌లో ఉంటున్న ఒక కోనసీమవాసి, బ్యాంకు ఖాతాదారు